ఇల్లు నడిపిన కథ

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు నడిపి చూడుమని మాత్రము ఎవరును ప్రత్యేకముగ చెప్పలేదు. అది స్త్రీలకు పుట్టుకతోనే అబ్బిన విద్య యని తలంచిరి కాబోలు. నేను పదునాలుగేండ్లనుండి ఇల్లు నడుపుచునే యున్నాను. కాని గడచిన దసరా సెలవులలో, హైదరాబాదునుండి మా ఆసిఫాబాదువఱకు సుమారు 300 కిలోమీటర్ల దూరము, నాలుగు చక్రములమీది యింటి నొకదానిని నిజముగనే నా చేతులతో నడిపి తెచ్చితిని. ఆ ప్రయాణములో నేను నేర్చుకొన్న సంగతులు మన సోదరీమణులలో కొందఱకైనను పనికివచ్చునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అత్తగారికి డెబ్బదిరెండేండ్లు. మోకాళ్లనొప్పులు ఉండనే యున్నవి. వానికి తోడు మూత్రమును ఎక్కువసేపు పట్టి యుంచుకొనలేని బాధ యొకటి. ఆమె పుట్టినిల్లు ధర్మపురి. అచ్చట గోదావరి యొడ్డున పెరిగిన మనిషి ఐదేండ్లనుండి గోదావరిని చూడలేదు. సొంత తమ్ముని మనుమరాలి పెండ్లికి సైతము పోలేదు. "బస్సుల మూడు నాలుగు గంటలు నేనెట్ల గూసుంట బిడ్డా? నడుమ ఆపుమని ఎవ్వల నడుగుత?" అని ఒకనాడు నాతో మెల్లగా అన్నది. కుమారునితో చెప్పుకొనజాలని మాట యది.

ఈ విషయము పత్రికలో వ్రాయదగినదా యని కొంత సంకోచించితిని. ఐనను మనలో ఎవరికి తెలియనిది? ప్రయాణమున్న దినమున తెల్లవారినది మొదలు మనము నీళ్లు త్రాగము. ఎండలో నాలుక పిడచగట్టినను పెదవి తడుపుకొని యూరకుందుము. పురుషుడు చెట్టుచాటున నిలిచి వచ్చును; మనము ఊరు చేరువఱకు పండ్లు బిగించి కూర్చుందుము. ఆ బిగింపువలన వచ్చు జబ్బులను ఇంటికి వచ్చిన తరువాత మౌనముగ ననుభవింతుము. బస్సుస్టేషనులలో మరుగుదొడ్లు లేకపోలేదు. కాని మోకాళ్లు వంగని ముదుసలి, కదలు బస్సు, పదినిమిషముల విరామము, ఆ వరుసలో నిలుచుట, ఇవన్నియు పొసగు విషయములు కావు.

అప్పుడే నాకీ బండియింటి యాలోచన పుట్టినది. ఇది పాశ్చాత్యుల వేడుక యని కొందఱు నవ్విరి. ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యుడొకడు 1885లో 'వాండరర్' అను పేర గుఱ్ఱములు లాగు ఇంటిబండిని కట్టించుకొని దేశము తిరిగిన మాట నిజమే. కాని ఆదిలాబాదు సీమవారికి బండిమీది కాపురము క్రొత్త విషయమా? పుష్యమాసమున కేస్లాపూరులో నాగోబా జాతర జరుగును. దానికి మెస్రం వంశపు గోండులు ఇంటిల్లిపాదిగ ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చి, మఱ్ఱిచెట్లక్రింద విడిది చేసి, అచ్చటనే వండుకొని తిని, దేవుని పూజింతురు. వారిలో కొందఱు అంతకు ముందుగనే కాలినడకన జన్నారము దిక్కున హస్తినమడుగునకు పోయి గోదావరి జలము తెత్తురు. ఆ బండ్లలో ముసలివారుందురు, చంటిపిల్లలుందురు, వంటపాత్రలుండును. ఇంటిని వెంటబెట్టుకొని పోవుట మన నేలకు తెలిసిన విద్యయే.

బండి వెదకుట ఆఱు నెలలు పట్టినది. తుదకు హైదరాబాదులోని కార్వాన్ పేటలో ఒకటి యున్నదని తెలిసినది. గోలకొండ ప్రభువుల కాలమున దూరదేశపు వర్తకుల బిడారులు విడిసిన చోటు గావున దానికా పేరు వచ్చినది. నడచు ఇంటిని కొనుటకు అంతకన్న తగిన పేట యేమున్నది!

అది 1994లో రిజిస్టరైన మటాడోర్ బండి. ఆ రకపు బండ్లను బజాజ్ టెంపో వారు పూర్వము తయారు చేసెడివారు. ఇప్పుడు తయారు కావు. పాలు, కూరగాయలు, బడిపిల్లలు, రోగులు, పెండ్లివారు, వీరందఱిని మోసిన బండి యది. దానిని ఒక విశ్రాంతోద్యోగి తీర్థయాత్రలకొఱకు ఇల్లుగ మార్పించుకొనెను. ఆయన గతించిన తరువాత ఆయన భార్య దానిని అమ్మదలచినది. లోపల ఇద్దఱు పండుకొను బల్ల, పగలు దానినే మడచి కూర్చుండు వసతి, ఒక చిన్న గ్యాసు పొయ్యి, 50 లీటర్ల నీళ్ల తొట్టి, వెనుక మూలను తలుపుతో కూడిన మరుగుదొడ్డి. ఈ మరుగుదొడ్డి రెండు తొట్ల యమరిక. పై తొట్టిలో కడుగుటకు నీరుండును. క్రింది తొట్టి 20 లీటర్లది, బిగుతైన మూతతో నుండును. ఇల్లు చేరిన తరువాత దానిని ఊడదీసి ఇంటి మరుగుదొడ్డిలో క్రుమ్మరించి కడిగి మఱల నమర్చవలయును. వాసన రాదు.

నేను మటాడోరునే కోరుటకు కారణమొకటి కలదు. దాని ఇంజను ముందుభాగమున నుండి ముందు చక్రములనే త్రిప్పును. కావున వెనుక చక్రములకు పోవు పొడుగాటి ఇరుసు నేలక్రింద నుండదు. అందుచేత బండి నేల మిక్కిలి తక్కువ యెత్తున నుండును. ఒక పీట వేసినచో మా అత్తగారు మోకాలు ఎక్కువ వంచకయే ఎక్కగలదు. కొన్నవారు రంగు చూతురు, నేను మెట్టు చూచితిని.

వెల రూ. 2,30,000. మా వారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. చేతిలో అంత రొక్కము లేదు. మా అమ్మ నాకు పెట్టిన గాజులజత అమ్మి నేనే ఇచ్చితిని. మా వారు వలదనిరి. "అవి నీ పుట్టింటివి" అనిరి. "అత్తమ్మ పుట్టింటికి పోవుటకే గదా యిచ్చుచున్నాను" అంటిని. వారు మఱి మాటాడలేదు. కాని ఆ మౌనము సమ్మతివలన వచ్చినది కాదని నాకు తెలియును.

పాత బండి కొనునప్పుడు చూడవలసిన కాగితములను మా వారు పాఠము చెప్పినట్లు చూచిరి. చట్రముమీద చెక్కిన సంఖ్యయు, రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యయు సరిపోవలెను. సొంతబండికి పదునైదేండ్లు నిండినచో మఱల ఐదేండ్లకొకమాఱు పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. లోపల చేసిన మార్పులు రవాణాశాఖవారి పత్రములో నెక్కినవో లేవో చూడవలెను. పేరు మార్పునకు 29, 30 సంఖ్యల ఫారములు కావలయును. బీమాను గూడ 14 దినములలోపల మన పేరిటికి మార్పించుకొనుటకు కోరవలెను. ఇవన్నియు సరిగనే యున్నవి. ఫలకముమీద మాత్రము పాత 'ఏపీ' అక్షరములే యున్నవి. 2014లో రాష్ట్రము వచ్చి 'టీఎస్' ఆయెను, 2024లో 'టీజీ' ఆయెను. బండి మాత్రము పుట్టినప్పటి పేరే మోయుచున్నది, మెట్టినింటికి వచ్చినను మన యింటిపేరు నోట నుండి పోనట్లు.

ఇంజనును చల్లగా నున్నప్పుడే నడిపించి చూడవలెనని మా తమ్ముడు చెప్పియుండెను. ముందే వేడిచేసి యుంచిన యింజను తన లోపములను దాచును. పొగను గూడ చూడుమనెను. నీలిపొగ వచ్చినచో ఇంజనునూనె మండుచున్నదని, నల్లపొగ వచ్చినచో డీజిలు ఎక్కువై సరిగ మండుటలేదని, తెల్లపొగ విడువక వచ్చినచో నీరు లోపలికి చేరుచున్నదేమో యని అనుమానింపవలెను. మా బండికి మొదట కొంచెము తెల్లపొగ వచ్చి, వేడెక్కగనే పోయెను. చక్రముల రబ్బరుమీది గీతలు లోతుగ నున్నవి. ఇంకేమి కావలెనని సంతోషించితిమి. ఆ సంతోషములోనే మా పొరపాటున్నది.

మా వారికి కారు నడుపుట రాదు. నేను నాలుగేండ్లక్రిందట మా తమ్ముని కారుమీద నేర్చుకొని లైసెన్సు పొందితిని. పూజలు ముగించి, నీళ్ల తొట్టి నింపుకొని బయలుదేరునప్పటికి పదునొకండు గంటలాయెను. మటాడోరులో ఇంజను నడుపువారికిని ప్రక్కవారికిని నడుమ ఒక పెట్టెలో నుండును. దాని వేడికి ఎడమకాలు ఉడికినట్లుండెను. దాని రొదకు మాటలు వినబడవు. చుక్కాని త్రిప్పుటకు రోకలిపోటంత బలము కావలెను. 45 కిలోమీటర్ల వేగము దాటినచో గిన్నెలన్నియు ఒక్కమాఱుగ భజన మొదలుపెట్టెను.

శామీర్‌పేట దాటినది మొదలు దారిలో చూచినవారెల్ల నన్నే చూచుచుండిరి. మొదట సిగ్గు కలిగెను. తరువాత మా నాయన చదివించిన పురాణములు జ్ఞాపకము వచ్చెను. అర్జునుని రథమునకు సుభద్ర సారథ్యము చేసెను. దేవాసుర యుద్ధమున మూర్ఛిల్లిన దశరథుని కైక రణమునుండి తప్పించి తెచ్చెను. నరకునితో సత్యభామ పోరిన ఘట్టమును పోతనగారు ఎంత సంబరముగ వర్ణించిరి! ఈ ముగ్గురిలో నెవరిని జూచియు పురాణములు నవ్వలేదు. సిద్దిపేట దగ్గఱ రోడ్డుప్రక్కన నిలిపి, ఇంటినుండి తెచ్చిన సర్వపిండి తింటిమి. అప్పుడు మా వారు, "నీవు చక్కగా నడుపుచున్నావు" అనిరి. పదునాలుగేండ్లలో నా వంటకు గూడ అంత సూటి మెప్పు దొరకలేదు.

దిగువ మానేరు జలాశయమును చూచుచు కరీంనగరము దాటితిమి. ప్రొద్దుగ్రుంకు వేళకు సుల్తానాబాదు చేరువకు వచ్చితిమి. తంగేడుపూలు తలమీద పెట్టుకొని ఆడపిల్లలు ఇండ్లకు పోవుచున్నారు. అంతలో వెనుక తుపాకి పేలినట్లు చప్పుడాయెను. బండి ఒక వైపునకు ఒఱగి ఈడ్చెను. బ్రేకును గట్టిగ నొక్కక చుక్కానిని గట్టిగ పట్టుకొనవలెనన్న మాట యొక్కటే జ్ఞాపకముంచుకొని, మెల్లమెల్లగ ప్రక్కకు తెచ్చి నిలిపితిని. దిగి చూడగా వెనుక ఎడమచక్రపు టైరు చీలి పేలికలై యున్నది.

మా వారు దానిని చూచి, "గాజులును పోయినవి, బండియు పోయినది" అనిరి.

ఆ మాట నాకు ఱాతిదెబ్బవలె తగిలెను. చీకటి పడుచుండెను. నేను బదులు చెప్పలేదు. అదనపు చక్రమును దింపితిమి. జాకీ పెట్టగా మెత్తని మట్టిలో దిగబడిపోవుచుండెను. దారిని పోవుచున్న ఒక హమాలీ నిలిచి, "కింద ఏదన్న చెక్క పెట్టుండ్రి సారూ" అనెను. చెక్క యెక్కడిది? లోపలికి పోయి నా రొట్టెల పీట తెచ్చియిచ్చితిని. రథచక్రపు చీల యూడినప్పుడు కైక తన వ్రేలు పెట్టినదని పెద్దలు చెప్పుదురు. నేను పీట పెట్టితిని. చక్రము లేచినది, పీటయు నిలిచినది. కాని ఆ హమాలీ అదనపు చక్రమును చేతితో తడిమి, "ఇది గూడ పర్రెలిచ్చిందమ్మా. రాత్రి దీనిమీద పోకుండ్రి" అనెను. దగ్గఱనున్న బియ్యపు మిల్లువారితో తానే మాటాడి, వారి ఆవరణములో వేపచెట్టుక్రింద బండి నిలుపుకొనుటకు అనుమతి యిప్పించెను.

ఆ మిల్లు ముందఱనే బతుకమ్మ లాడుచుండిరి. ఆట ముగిసిన తరువాత పదిపండ్రెండుగురు స్త్రీలు నా బండిని చూడవచ్చిరి. పొయ్యిని చూచి నవ్విరి, పడకను చూచి బుగ్గలు నొక్కుకొనిరి. ఒక్కొక్కరుగ వెనుక మూలకు వచ్చి ఆ చిన్న తలుపు తెఱచి చూచినప్పుడు మాత్రము నవ్వు లాగిపోయెను. "అక్కా, ఇండ్ల అది గూడ ఉన్నదా?" అని ఒక చిన్నది మెల్లగా అడిగెను. ఆమె గర్భవతి, ప్రతినెల కరీంనగరము ఆసుపత్రికి బస్సులో పోవునట. "పొద్దుగాల నుంచి నీళ్లు ముట్టనక్కా. డాక్టరమ్మ నీళ్లు బాగ తాగుమంటది, నేనేం జేతు?" అనెను. అందఱును ఊరకుండిరి. ఆ యూరకుండుటలో ప్రతి స్త్రీయు తన తన ప్రయాణములను తలచుకొనుచున్నదని నాకు తోచెను. అంతవఱకు నా యత్తగారి కొఱకే బండి కొంటి ననుకొంటిని. ఆ రాత్రి అది మా యందఱి బాధ యని తెలిసికొంటిని. వారు ముద్దలు చేసిన సత్తుపిండి ప్రసాదము నా కొంగున పెట్టి పోయిరి.

గ్యాసు వెలిగించి అన్నము మాత్రము వండితిని. అద్దములు తెఱచి యుంచిగాని పొయ్యి వెలిగింపరాదు, బండి నడచునప్పుడు సిలిండరు కట్టివేయవలెను. ఈ రెండు నియమములను మఱువరాదు. పచ్చిపులుసునకు నిప్పుతో పనిలేదు. చింతపండు పిసికి, ఉల్లి, పచ్చిమిరప కలిపి చేసితిని. ఇద్దఱము మౌనముగ తింటిమి.

పడుకొన్న తరువాత చాలసేపటికి మా వారు చీకటిలోనుండి అనిరి: "గాజుల మాట అనకుండవలసినది. నాకు కోపము టైరుమీద కాదు. మా అమ్మకు కావలసినదేదో నాకు ఐదేండ్లు తెలియలేదు, నీకు తెలిసినది. సొమ్ము నీది, బండి నడుపునది నీవు. నేను ప్రక్కన కూర్చుండి దారి చూపుటకే మిగిలితినని మనసులో నున్నది. అది అప్పుడు బయటికి వచ్చినది."

నేను కొంత తడవు ఆలోచించి, "ఆమె మీతో చెప్పుకొనలేదు గనుక మీకు తెలియలేదు. దారి చూపువారు లేకున్న నేను కార్వాన్ సందులలోనే తిరుగుచుందును" అంటిని. వారు నవ్విరి. ఆ చిన్న గదిలో అలిగి వేఱుగ పోవుటకు రెండవ గది లేదు. బండియింటి గుణములలో ఇదియు నొకటి.

తెల్లవాఱి పంక్చర్ దుకాణమునకు పోతిమి. ఆ కుఱ్ఱవాడు చినిగిన టైరును త్రిప్పి చూచి, "అక్కా, గీతలు జూసి మోసపోయిండ్రు. గీతలు గాదు, ఉమర్ చూడాలె" అనెను. టైరు ప్రక్కభాగమున ఒక గుండ్రని గీతలో నాలుగంకెలుండును. మొదటి రెండును వారమును, తరువాతి రెండును సంవత్సరమును తెలుపును. మా టైరుమీద 2311 అని యున్నది. అనగా అది 2011వ సంవత్సరమున 23వ వారమున తయారైనది. తిరుగక షెడ్డులో నిలిచియున్నందున గీతలు అరగలేదు. కాని రబ్బరు లోలోపల ఎండి బీటలు వాఱినది. దానిపైన మేము 50 లీటర్ల నీరు, అనగా 50 కిలోల బరువు, నిండుగ పెట్టుకొని, వేడి రోడ్డుమీద పగలంతయు నడిపితిమి. పగులక యేమి చేయును? అమ్మిన యామె దాచినదని యనుకొనుట తప్పు. ఆమెకును తెలియదు, మాకును తెలియదు. మిగిలిన వానిలో మఱి యొకటియు అట్లే యుండెను. రెండు క్రొత్త టైర్లు వేయించి, సగము నీళ్లు వదలి బయలుదేరితిమి.

రామగుండము పొగగొట్టములు కనబడినవి. గోదావరిఖని దాటి గోదావరి వంతెనమీద పోవుచుండగా మా వారు చేతులు జోడించిరి. నాకు చేతులు తీరిక లేదు, కన్నులతో మ్రొక్కితిని. ఆవలి యొడ్డున దిగి మా వారు ఒక సీసాలో నీళ్లు పట్టి తెచ్చిరి. మంచిర్యాల, మందమఱ్ఱి, బెల్లంపల్లి, ఈ సింగరేణి బొగ్గుసీమయంతయు దాటి, రెబ్బెన మీదుగ ఆసిఫాబాదు చేరుసరికి మధ్యాహ్నము ఒంటిగంట.

వీథివారందఱును మూగిరి. మా అత్తగారు గడపలో నిలిచి చాలసేపు బండిని చూచినది. తరువాత నా చేతులవైపు చూచినది. గాజులసంగతి నేనామెకు చెప్పి యుండలేదు. ఆమె యేమియు అడుగలేదు. పీట వేసితిని, అదే రొట్టెల పీట, మట్టి కడిగినది. ఒక చేయి తలుపుమీదను, ఒక చేయి నా భుజముమీదను వేసి, ఆమె ఎక్కి లోపల కూర్చున్నది. వెనుక మూలకు పోయి ఆ తలుపు తెఱచి, మూసి, గొళ్లెము వేసి తీసి చూచినది.

మఱి రెండు దినములకు ధర్మపురికి బయలుదేరితిమి. టైర్ల యంకెలు చూచితిని, గ్యాసు కట్టితిని, దీపము పెట్టితిని. అందఱును ఎక్కిన తరువాత మా అత్తగారు నన్ను పిలిచి, "బిడ్డా, ఒక గిలాసెడు నీళ్లియ్యి" అనెను. నిండుగ ముంచి యిచ్చితిని. ఆమె నిదానముగ, కడపటి చుక్కవఱకు త్రాగి, గ్లాసు నా చేతికిచ్చి, "ఇగ పోనియ్యి" అనెను.